కొత్త కంప్యూటర్ కొన్నాను, పాత సాఫ్ట్‌వేర్ అందులోకి రాదంటున్నారు

ప్రశ్న: తణుకులో పదకొండేళ్లుగా డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, బడి ప్రశ్నపత్రాలు చేస్తాను. రెండు రైస్‌మిల్లులకు టాలీలో లెక్కలు రాస్తాను. నాది కంపెనీ కంప్యూటర్. విండోస్ 8.1తో వచ్చింది, తర్వాత ఉచితంగా విండోస్ 10కి మారింది. ఇప్పుడు మదర్‌బోర్డు పాడవుతోంది. ఒక రోజు ఆన్ అవుతుంది, ఒక రోజు కాదు. అందుకని ఊళ్లోనే ఒక దుకాణంలో కొత్తది అసెంబుల్ చేయించాను. పాతదాంట్లోని విండోస్, ఆఫీస్ 2013 ఇందులోకి మార్చమంటే ‘అవి రావు, ఆ కంప్యూటర్‌తోనే పోతాయి’ అన్నారు. బిల్లులో ‘సాఫ్ట్‌వేర్’ అని 4,500 రూపాయలు వేసి ఏవో ఎక్కించి ఇచ్చారు. కీ అడిగితే ‘పనిచేస్తోంది కదా, కీ ఎందుకు’ అంటున్నారు. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7 సీడీ నా దగ్గరే ఉంది. తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌కు యూఎస్‌బీ డాంగిల్ ఉంది. అన్నీ డబ్బు కట్టి కొన్నవే. నేను కొన్నవి నావి కావా? పాత కంప్యూటర్ మా అక్క కొడుక్కి ఇవ్వాలనుకుంటున్నాను, ఇవ్వవచ్చా?
— ఒక పాఠకురాలు, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం: మిగతాదంతా తర్వాత చదవండి, ముందు టాలీ సంగతి చూడండి. పాత కంప్యూటర్ ఈసారి ఆన్ అయినప్పుడు మొదట చేయవలసిన పని అందులోని టాలీ లైసెన్సును సరెండర్ చేయడం, అంటే ఆ కంప్యూటర్ నుంచి విడిపించడం. టాలీప్రైమ్‌లో ఎఫ్1 నొక్కితే వచ్చే హెల్ప్ మెనూలో సెట్టింగ్స్, అందులో లైసెన్స్, దాని కింద సరెండర్ అని ఉంటుంది. ఇంటర్నెట్ ఉండాలి. సరెండర్ పూర్తయ్యాక కొత్త కంప్యూటర్‌లో అదే సీరియల్ నంబరుతో, కొన్నప్పుడు ఇచ్చిన ఈమెయిల్‌తో యాక్టివేట్ చేసుకోవచ్చు. మళ్లీ కొననక్కర్లేదు. మీ దగ్గర ఉన్న సాఫ్ట్‌వేర్లలో సాఫీగా తరలించుకోగలిగిన వాటిలో ఇది ఒకటి. కానీ సరెండర్ చేయకుండానే పాత యంత్రం పూర్తిగా ఆగిపోతే, ఐదు నిమిషాల్లో అయ్యే పని కాస్తా డీలరు చుట్టూ, కస్టమర్ కేర్ చుట్టూ తిరగడంగా మారుతుంది.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. చిన్న ఊళ్లలో చాలామంది డీలర్లు టాలీ అమ్మేటప్పుడు కొనుగోలుదారు ఈమెయిల్ బదులు తమ ఈమెయిల్ నమోదు చేసేస్తారు. యాక్టివేషన్‌కు కావలసిన సమాచారం ఆ చిరునామాకే వెళ్తుంది. మీ లైసెన్సు మీద ఎవరి ఈమెయిల్ ఉందో లైసెన్స్ వివరాల్లో కనిపిస్తుంది. అది మీది కాకపోతే సరెండర్ చేయకముందే డీలరుతో మాట్లాడి మార్పించుకోండి. మిల్లుల లెక్కలున్న డేటా ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కూడా కాపీ చేయండి. లైసెన్సు తరలినంత మాత్రాన డేటా దానంతట అది తరలి రాదు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వస్తాను. దుకాణంలో చెప్పినది సగం నిజం. సాఫ్ట్‌వేర్ కొన్నప్పుడు మన చేతికి వచ్చేది దాన్ని వాడుకునే అనుమతి. మీ జిల్లాలో పొలం కౌలుకు తీసుకున్నట్టే అనుకోండి. పండించుకునే హక్కు ఉంటుంది, అది ఎంత మేరకన్నది కౌలు కాగితం చెబుతుంది. ఇక్కడ ఆ కాగితం ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ‘అంగీకరిస్తున్నాను’ అని మనం చదవకుండా నొక్కేసే పొడవాటి షరతుల పత్రం. ఒకే పేరుతో, ఒకే బొమ్మతో ఉన్న సాఫ్ట్‌వేర్ కూడా ఒక రకంగా కొంటే కొత్త కంప్యూటర్‌లోకి వస్తుంది, ఇంకో రకంగా కొంటే రాదు. కాబట్టి ఏది ఎలా కొన్నారన్న దాన్నిబట్టి ఒక్కొక్కటిగా చూడాలి.

విండోస్ విషయంలో దుకాణదారు మాట నిజమే. కంపెనీ కంప్యూటర్‌తో కలిపి అమ్మే విండోస్‌ను ఓఈఎం లైసెన్సు అంటారు. తయారీదారులకు మైక్రోసాఫ్ట్ దాన్ని తక్కువ ధరకు ఇస్తుంది. అందుకు బదులుగా అది ఆ ఒక్క యంత్రానికే కట్టుబడి ఉంటుంది. విండోస్ 8 కాలం నుంచి కంపెనీ కంప్యూటర్లలో కీని స్టిక్కర్ మీద ముద్రించడం మానేసి మదర్‌బోర్డు మీది చిప్‌లోనే రాసిపెడుతున్నారు. కంప్యూటర్‌ను ఎవరికైనా ఇచ్చినా, అమ్మినా దాంతో పాటు విండోస్ కూడా వెళ్తుంది. దాని నుంచి విడదీసి ఇంకోదాంట్లో పెట్టుకోవడానికి మాత్రం షరతులు ఒప్పుకోవు.

మీరే చూసుకోవాలంటే ఒక పద్ధతి ఉంది. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇంగ్లిష్‌లో ఎస్, ఎల్, ఎం, జీ, ఆర్ అక్షరాలను కలిపి కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ గీత పెట్టి, వెంటనే డీ, ఎల్, ఐ అని కొట్టండి. వచ్చే చిన్న పెట్టెలో ఓఈఎం, రిటైల్, వాల్యూమ్ అన్న మాటల్లో ఏదో ఒకటి ఉంటుంది. రిటైల్ అంటే విడిగా కొన్నది, వేరే కంప్యూటర్‌కు తరలించుకోగలిగినది. మీలాగా 8.1 నుంచి ఉచితంగా 10కి మారినవారికి అక్కడ రిటైల్ అని కనిపించవచ్చు. అది చూసి సంబరపడకండి. ఉచిత మార్పుతో కొత్త హక్కేమీ రాలేదు. మొదట వచ్చినది ఓఈఎం కాబట్టి ఇప్పుడున్నదీ ఆ షరతుల కిందిదే.

మీరు కొత్తది కొనేశారు కానీ, మీలాంటి స్థితిలో ఉన్న ఇతరుల కోసం ఒక మాట. పాడైన మదర్‌బోర్డును కంపెనీ సర్వీసు సెంటర్‌లో అలాంటిదే మరొకటి వేయించి బాగుచేయించుకుంటే ఓఈఎం విండోస్ హక్కు పోదు. ఇంకా మెరుగైన బోర్డు కావాలని మార్చుకుంటేనే దాన్ని వేరే కంప్యూటర్‌గా లెక్కిస్తారు. మరమ్మతుకు ఎంతవుతుందో, కొత్త కంప్యూటర్‌కూ దానిలోకి మళ్లీ కొనవలసిన సాఫ్ట్‌వేర్లకూ కలిపి ఎంతవుతుందో పక్కపక్కన పెట్టి చూడకుండా పాతదాన్ని మూలన పడేయకూడదు.

ఆఫీస్ 2013 దగ్గర మీకు కొంచెం ఆశ ఉంది. ఆ కథ తెలుసుకోదగ్గది. 2013 మొదట్లో ఆ ఆఫీస్ వచ్చినప్పుడు, విడిగా దుకాణంలో కొన్న ప్రతిని కూడా మొదటి కంప్యూటర్‌లోనే వాడాలి, ఇంకోదానికి తరలించకూడదు అని మైక్రోసాఫ్ట్ షరతు పెట్టింది. దానికి ముందున్న ఆఫీస్ 2010లో పెట్టె కొన్నవారికి ఆ వీలు ఉండేది. కొనుగోలుదారుల నుంచి తీవ్రమైన వ్యతిరేకత వచ్చింది. అదే ఏడాది మార్చిలో కంపెనీ వెనక్కి తగ్గింది. రిటైల్‌గా కొన్న ఆఫీస్ 2013ను 90 రోజులకు ఒకసారి చొప్పున వేరే కంప్యూటర్‌కు మార్చుకోవచ్చని షరతును సవరించింది. గట్టిగా అడిగితే ఇలాంటి షరతులు మారతాయనడానికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ ఇది. కాబట్టి మీ ఆఫీస్ విడి కార్డుగా, విడి బిల్లుతో కొన్నదైతే తరలించుకునే హక్కు మీకుంది. ముందు పాతదాంట్లోంచి తీసేయాలి. కంప్యూటర్ పెట్టెలోనే కలిసి వచ్చినదైతే అది కూడా విండోస్‌లాగే అక్కడితో సరి. అయితే ఆఫీస్ 2013కు భద్రతా సవరణలు ఇవ్వడం 2023 ఏప్రిల్‌తో ఆగిపోయింది. పగలంతా ఎవరెవరో పెన్‌డ్రైవ్‌లు తెచ్చి గుచ్చే కంప్యూటర్‌లో దాన్ని నమ్ముకోమని నేను చెప్పలేను.

పేజ్‌మేకర్ 7 తరలింపులో చిక్కు లేదు. 2001 నాటి ఆ సాఫ్ట్‌వేర్‌కు ఇంటర్నెట్ యాక్టివేషన్ లేదు, సీడీ, సీరియల్ నంబరు ఉంటే చాలు. పాతదాంట్లో తీసేసి కొత్తదాంట్లో వేసుకోండి. సీడీ గీతలు పడి పాడవకముందే ఒక ప్రతి తీసి దాచుకోండి. అది మీ హక్కు. మన కాపీరైట్ చట్టం 1957లోని 52వ సెక్షన్, చట్టబద్ధంగా కంప్యూటర్ ప్రోగ్రామ్ పొందినవారు నష్టం నుంచి కాపాడుకోవడానికి బ్యాకప్ కాపీ చేసుకోవచ్చని చెబుతోంది.

డాంగిల్ కథ వేరు. అక్కడ లైసెన్సు ఉండేది కంప్యూటర్‌లో కాదు, ఆ చిన్న పరికరంలోనే. దాన్ని తీసి కొత్తదానికి పెడితే లైసెన్సూ వచ్చేసినట్టే. అడ్డుపడేది డ్రైవరు, అంటే డాంగిల్‌ను విండోస్ గుర్తుపట్టేలా చేసే చిన్న ప్రోగ్రామ్. 64 బిట్ విండోస్, డిజిటల్ సంతకం లేని పాత డ్రైవర్లను ఒప్పుకోదు. పదేళ్ల కిందటి సీడీలోని డ్రైవరు పనిచేయకపోతే డాంగిల్ పోయిందనుకుని కంగారుపడకండి, తయారీదారుకు ఫోన్ చేసి కొత్త డ్రైవరు అడగండి. ఇంకో సంగతి: డాంగిల్ పోతే లైసెన్సు మొత్తం పోయినట్టేనని చాలా కంపెనీలు లెక్కిస్తాయి. కౌంటరు పక్కన, అందరి చేతికీ అందేలా గుచ్చి ఉంచకుండా క్యాబినెట్ వెనక వైపు పెట్టుకోండి.

ఇక ఆ 4,500 రూపాయల ‘సాఫ్ట్‌వేర్’ గురించి. నాకు అన్నిటికంటే ఆందోళన కలిగించినది అదే. పైన చెప్పిన పద్ధతిలోనే కొత్త కంప్యూటర్‌లోనూ చూడండి. వాల్యూమ్ అని వస్తే అది పెద్ద సంస్థలకు మూకుమ్మడిగా ఇచ్చే లైసెన్సు, ఒక డీటీపీ సెంటర్‌కు విడిగా అమ్మడానికి వీల్లేనిది. చివర డీ, ఎల్, ఐ బదులు ఎక్స్, పీ, ఆర్ అని కొడితే యాక్టివేషన్ శాశ్వతమా, ఫలానా తేదీతో ముగుస్తుందా అన్నది కనిపిస్తుంది. గడువు తేదీ కనబడితే మీకు అమ్మినది విండోస్ కాదు, కొన్ని నెలల వాయిదా. రిటైల్ అని, శాశ్వతం అని వచ్చినా అంతటితో తృప్తిపడకండి, లైసెన్సు లేకుండానే యాక్టివేట్ అయినట్టు చేసే క్రాక్ అనే దొంగ ప్రోగ్రాములు ఆ మాటలను కూడా చూపించగలవు. కీ ఉన్న కార్డో, విండోస్ పేరుతో విడి బిల్లో లేనిదే మీ దగ్గర లైసెన్సు ఉన్నట్టు కాదు. ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకు అమ్మే కీలు కూడా ఎక్కువగా ఈ కోవకు చెందినవే.

క్రాక్ వాడితే ఏమవుతుందని చాలామంది అడుగుతారు. అదే చట్టంలోని 63బి సెక్షన్ ప్రకారం అక్రమ కాపీ అని తెలిసి వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. లాభం కోసం, వ్యాపారంలో భాగంగా వాడనివారికి కోర్టు జైలు లేకుండా జరిమానాతో సరిపెట్టవచ్చు. మీది వ్యాపారం కాబట్టి ఆ సడలింపు మీకు వర్తించదు. చట్టం సంగతి అటుంచినా, క్రాక్ ఎక్కించేవారు మొదట చేసేది యాంటీవైరస్‌ను ఆపేయడం. మీ కంప్యూటర్‌లో ఊరివాళ్ల ఆధార్ స్కాన్లు ఉంటాయి, పాన్ కార్డులు ఉంటాయి, రెండు మిల్లుల జీఎస్టీ లాగిన్లు ఉంటాయి. వారు మీ మీద పెట్టుకున్న నమ్మకాన్ని ఎవరో తయారుచేసిన తాళం తీసే ప్రోగ్రామ్ చేతిలో పెట్టకండి.

నేను కొన్నవి నావి కావా అని అడిగారు. ఈ ప్రశ్నకు మన రాష్ట్రంతో పాత సంబంధం ఉంది. సీడీలో పెట్టి అమ్మే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ మీద ఆంధ్రప్రదేశ్ అమ్మకం పన్ను వేయవచ్చా అన్న వివాదం టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాల మధ్య సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2004 నవంబరులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, అలాంటి సాఫ్ట్‌వేర్ సరుకే, పన్ను వేయవచ్చు అని తీర్పు చెప్పింది. 2021 మార్చిలో మరో ఆదాయపు పన్ను కేసులోనూ, సాఫ్ట్‌వేర్ వాడుకునేవారికి కాపీరైట్ దక్కదని, వారు కొంటున్నది కాపీరైట్ ఉన్న ఒక వస్తువును మాత్రమేనని అదే కోర్టు తేల్చింది. ఇవి రెండూ పన్ను తగాదాలు. కొన్నవారు దాన్ని కొత్త యంత్రానికి తరలించుకోవచ్చా అన్న ప్రశ్న వాటిలో రాలేదు. అయినా నేను అడుగుతాను: పన్ను వసూలు చేసేటప్పుడు సరుకైనది, కొన్నవారు వాడుకునే దగ్గరికి వచ్చేసరికి ఒక మదర్‌బోర్డుకు కట్టేసిన అనుమతిగా మిగిలిపోవడం న్యాయమేనా?

ఇతర దేశాల్లోనూ ఇది ఒక కొలిక్కి రాలేదు. ఆటోక్యాడ్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ పాత ప్రతులను ఆన్‌లైన్‌లో తిరిగి అమ్మిన ఒక అమెరికన్ కేసులో, కొన్నవారు యజమానులు కారు, లైసెన్సుదారులు మాత్రమే అని 2010లో అక్కడి అప్పీలు కోర్టు చెప్పింది. ఐరోపా న్యాయస్థానం 2012 జూలైలో దీనికి దాదాపు ఎదురుగా నడిచింది. శాశ్వతంగా వాడుకునేలా డబ్బు తీసుకుని ఇచ్చిన లైసెన్సు అమ్మకంతో సమానమేనని, తన దగ్గరి ప్రతిని పనిచేయకుండా చేసి ఇంకొకరికి అమ్ముకోవచ్చని తీర్పునిచ్చింది. జర్మనీ అత్యున్నత కోర్టు 2000లోనే, కంప్యూటర్‌తో కలిపి అమ్మాలన్న షరతున్న విండోస్ ప్రతులను విడిగా అమ్మడాన్ని మైక్రోసాఫ్ట్ అడ్డుకోలేదని చెప్పింది. ఐరోపా దారే సరైనదని నా అభిప్రాయం. ఒకసారి పూర్తి ధర పుచ్చుకున్నాక, ఒక సమయంలో ఒక్క యంత్రంలోనే వాడుతున్నంతకాలం అది ఏ యంత్రమన్నది కొన్నవారి ఇష్టం కావాలి. మన చట్టంలో ఆ మాట స్పష్టంగా రాయించుకోవలసిన అవసరం ఉంది.

కాగితం మీద హక్కు ఉన్నా సరిపోని సందర్భాలూ ఉంటాయి. అడోబ్ కంపెనీ వారి సీఎస్2 సాఫ్ట్‌వేర్లు (ఫొటోషాప్ వంటివి) యాక్టివేషన్ కోసం కంపెనీ సర్వరును సంప్రదించేవి. 2012 చివర్లో ఆ సర్వరును ఆపేశారు. పాత కొనుగోలుదారులు కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకోలేని పరిస్థితి వచ్చేసరికి, యాక్టివేషన్ అక్కర్లేని ప్రతులను కంపెనీయే 2013 జనవరిలో అందుబాటులో పెట్టింది. ఆ మర్యాద అన్ని కంపెనీలూ చూపిస్తాయన్న భరోసా లేదు.

అందుకే మీరు చేసిన పనిని ముందుగా కాపాడుకోండి. పాత కంప్యూటర్ నడుస్తున్నంతలో ముఖ్యమైన పేజ్‌మేకర్ ఫైళ్లన్నిటినీ ఫాంట్లు ఇమిడ్చిన పీడీఎఫ్‌లుగా కూడా దాచండి. లిబ్రెఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌లోని డ్రా అనే ప్రోగ్రామ్ పేజ్‌మేకర్ ఫైళ్లను తెరవగలదు, కానీ యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు అక్షరాలను తెలుగుగానే గుర్తించే పద్ధతి) కాని తెలుగు ఫాంట్లతో చేసినవి ఆ ఫాంట్లు లేకపోతే అర్థంకాని గుర్తులుగా కనిపిస్తాయి. కొత్త పనులు యూనికోడ్‌లో మొదలుపెట్టడం మంచిది. సురవరం, మండలి, రామభద్ర, గిడుగు, తిమ్మన, ధూర్జటి వంటి తెలుగు యూనికోడ్ ఫాంట్లు ఉచితం. వాటి లైసెన్సు ఎన్ని కంప్యూటర్లలోనైనా వాడుకోనిస్తుంది, వ్యాపారానికైనా సరే. పేజీల కూర్పుకు వాడే ఉచిత సాఫ్ట్‌వేర్ స్క్రైబస్ 1.6 తెలుగు ఒత్తులను, గుణింతాలను సరిగా చూపిస్తుంది. పేజ్‌మేకర్‌లో ఉన్నంత వేగం వెంటనే రాదు. పెళ్లిళ్ల సీజను లేని నెలల్లో అలవాటు చేసుకోండి. ఆఫీస్ పనికి లిబ్రెఆఫీస్ చాలు, దానికి తరలింపు బాధ లేదు.

విండోస్ మాత్రం కొనక తప్పదు. డాంగిల్, టాలీ, పేజ్‌మేకర్ మూడూ దాని మీదే నడుస్తాయి. మీది అసెంబుల్ చేసిన యంత్రం, రేపు బోర్డు పోతే బోర్డు మారుస్తారు. కాబట్టి ధర ఎక్కువైనా రిటైల్ ప్రతే తీసుకోండి, ఎన్ని యంత్రాలు మారినా మీ వెంట వస్తుంది. తీసుకున్నాక మీ సొంత మైక్రోసాఫ్ట్ ఖాతాతో ముడిపెట్టండి. హార్డ్‌వేర్ మారినప్పుడు ఆ ఖాతాతోనే మళ్లీ యాక్టివేట్ చేసుకోవచ్చు.

పాత కంప్యూటర్‌ను అక్క కొడుక్కి నిశ్చింతగా ఇవ్వవచ్చు, విండోస్ దాంతో పాటు వెళ్తుంది. టాలీ, పేజ్‌మేకర్, టైపింగ్ సాఫ్ట్‌వేర్, వాటి ఫాంట్లు తీసేయాలి. ఆపైన విండోస్ రీసెట్‌లో అన్నీ తొలగించే ఎంపికతో పాటు డ్రైవ్‌ను శుభ్రం చేసే ఎంపికను కూడా పెట్టండి. మామూలుగా డిలీట్ చేస్తే ఆధార్ స్కాన్లను తిరిగి రప్పించవచ్చు. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి, చదువుకు మాత్రమే అయితే దాని మీద ఉబుంటు వంటి లినక్స్ వేసి ఇవ్వడం ఇంకా మేలు.

చివరగా ఆ దుకాణం సంగతి. ఏ సాఫ్ట్‌వేర్, ఏ రకం లైసెన్సు, కీ ఏమిటి అన్న మూడు వివరాలు రాతపూర్వకంగా ఇవ్వమని, లేదా 4,500 తిరిగి ఇవ్వమని వాట్సాప్‌లోనైనా సరే రాసి అడగండి. చాలా దుకాణాలు ఇక్కడే దిగివస్తాయి. దిగిరాకపోతే 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడవచ్చు. వ్యాపారానికి కొన్నది కాబట్టి మీరు వినియోగదారు కారని దుకాణదారు వాదించవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం, స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం కొన్నదాన్ని వాణిజ్య అవసరంగా లెక్కించకూడదని స్పష్టంగా చెబుతోంది. ఒక్కరే నడుపుకునే డీటీపీ సెంటర్ అయితే ఆ రక్షణ మీకు ఉంటుంది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు రెండేళ్ల గడువు ఉంది, ఐదు లక్షల రూపాయల లోపు కొనుగోళ్లకు రుసుము లేదు. బిల్లుతో పాటు ఆ రెండు కమాండ్ల ఫలితం కనిపిస్తున్న తెరకు తేదీ పడేలా ఫొటో తీసి దగ్గర పెట్టుకోండి. దుకాణంవాళ్లు వచ్చి మళ్లీ ఏదో ఎక్కించకముందే ఆ ఫొటో తీయాలి.